అరుగుల లెక్క

గరివిడి కాటా గదిలో ఒక లావుపాటి మానిటరుంది.
దాని వీపు పట్టడానికి గోడకి కన్నం కొట్టారు.
నెత్తిన పసుపు గుడ్డ,
గుడ్డ మీద తవిటమ్మ టిఫిను గిన్నె.
మాంగనీసు లారీ ఇనపపలక ఎక్కగానే
నల్లటి తెర మీద బూడిదరంగు అంకెలు.
ఎనభై గళ్ళు, ఇరవై అయిదు వరసలు,
అంతకు మించి ఆ తెరకు లోకం తెలీదు.

మొన్న వేసవి పిడుగుకి లోపలి కార్డు కాలిపోయింది.
విప్పి చూశాను. నల్లటి చిప్పు, చెరిగిపోయిన నంబరు.
లోపల ఏముందో చేసినవాడు చెప్పలేదు,
చేసిన కంపెనీ ఇప్పుడు లేదు.
కొబ్బరికాయైతే కొట్టి చూద్దును.

అందుకే కదా
విజయనగరం కంటోన్మెంటు అద్దెగదిలో
నేనూ సాలాపు జగ్గునాయుడూ
రెండేళ్ళుగా ఓ కార్డు గీస్తున్నాం.
ప్రతి తీగా, ప్రతి గేటూ ఎవరైనా చూడొచ్చు,
తప్పుంటే ఎవరైనా దిద్దొచ్చు.
గేట్లు మాత్రం రేషను బియ్యమే.
"పాత తెరల గోల మనకెందుకురా,
ఆ రిజిస్టర్లన్నీ మోస్తే
మూడోవంతు చిప్పు దానికే పోద్ది" అన్నాడు జగ్గు.
సరేనన్నాను. అప్పటికి రాత్రి రెండయింది,
నాకు నిద్రొస్తోంది.

మొదటి బోర్డు సంచిలో పెట్టుకుని
పాసింజరెక్కి గరివిడిలో దిగాను.
స్విచ్చేస్తే ఫ్యాను తిరిగింది.
తెర తెల్లారలేదు.
డ్రైవరు నిద్రలేచేదాకా
మిషను తన పాత భాషలోనే గొణుగుతుంది,
డిస్కు దొరకలేదనో, గడియారం ఆగిపోయిందనో.
మా కార్డుకి ఆ భాష రాదు.
బయట పద్నాలుగు లారీలు, రోడ్డుదాకా హారన్లు.
తవిటమ్మ రూళ్ళకర్రతో గళ్ళు గీసి
బరువులు చేత్తో రాస్తోంది.
"ఏటి బావూ, కొత్తది తెచ్చినావు గానీ
ఇది నాతోటి మాటాడదేటి?"

ఆ రాత్రి పాత పట్టిక తీశాను.
గీతకి ఎనిమిది వందల చుక్కలు,
కంటికి కనబడేవి ఆరువందల నలభై.
మిగతావాటిలో కొన్నిటికి
అరుగులని పేరు పెట్టాడెవడో మహానుభావుడు.
ముందరుగు పదహారు, వెనకరుగు నలభై ఎనిమిది,
నడుమ తొంభై ఆరు చుక్కల పొడుగున ఒక కేక.
కిరణం గీత చివరిదాకా నడిచి
దీపం ఆర్పుకుని అరుగు మీద కూలబడేది.
కేక వినగానే వెనక్కి పరిగెత్తి
ఇవతలి అరుగు మీద ఊపిరి పీల్చుకుని
మళ్ళీ బయల్దేరేది.

పలక తెరల్లో ఆ నడిచే మనిషి లేడు.
అయినా కేబులు ఇవాళ్టికీ
ఖాళీ అరుగులు మోసుకొస్తూనే ఉంది,
వాటి మీద ఇప్పుడు శబ్దాన్ని కూచోబెట్టారు.
జగ్గుని లేపి చెప్పాను:
నీ కొత్త తెర కూడా అరుగున్న ఇల్లేరా.
"పడుకో" అన్నాడు.
పొద్దున్నే మాత్రం తెల్లకాగితం తీశాడు.

పాతిల్లు మొత్తం కట్టలేదు మేము.
రిజిస్టర్ల అడవి జోలికి పోలేదు.
చిప్పులో ఓ మూల చిన్న దుబాసీని కూచోబెట్టాం.
పాత మిషను పలక మీద రాసిన అక్షరం చదవడం,
దాన్ని చుక్కల్లో దించడం,
మళ్ళీ మొదటి గడి నుంచి చదవడం,
ఇంతకు మించి దానికి జీతం లేదు.
చాలా కొద్ది గేట్లే పట్టాయి.
జగ్గు మూడుసార్లు కూడి చూసుకున్నాడు.

రెండో బోర్డుకి తెర మాటాడింది.
మొదట మిషను పేరు, తర్వాత దాని జబ్బులు,
ఆ తర్వాత ఒడిశా నంబరు లారీ,
ముప్పై ఒక్క టన్నుల నాలుగొందల కిలోలు.
డ్రైవరు బీడీ పారేసి తొంగిచూశాడు.
తవిటమ్మ గిన్నె దించి, కళ్ళజోడు పెట్టుకుని
చాలాసేపు చూసింది.
"అంకెలొచ్చినాయి. మరి ఆ గీతేదీ?
ఆరతా ఎలగతా ఉండీది, సిన్నగీత.
అదుంటేనే గదా
ఇప్పుడు నా వంతని నాకు తెలిసీది."

సోకని తీసేశాం దాన్ని.

తిరుగు పాసింజరు గంటన్నర లేటు.
ప్లాట్‌ఫాం బెంచీ మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని
టికెట్టు వెనక రాసుకుంటున్నాను:
ఎనిమిది ఫ్రేములు వెలుగు,
ఎనిమిది ఫ్రేములు చీకటి.
మళ్ళీ గేట్లు కావాలి.
జగ్గుకి ఇంకా చెప్పలేదు.